ధైర్యంగా ఉండమంటే సరిపోదు



ఈరోజు మనం డిప్రెషన్ గురించి మాట్లాడుకుందాం. పత్రికల్లో కుంగుబాటు అని రాస్తారు. మన పల్నాడు పల్లెల్లో మాత్రం ఆ రెండు మాటలూ పెద్దగా వినపడవు. నడికుడిలోనో దాచేపల్లిలోనో ఒక ఆర్‌ఎంపీ డాక్టరు గారి గదిలో కాసేపు కూర్చోండి. వినిపించే మాటలు వేరు. ‘ఒంట్లో సత్తువ లేదు సార్.’ ‘రాత్రిళ్ళు కన్ను మూతపడట్లా.’ ‘అన్నం సయించట్లా.’ ‘గుండెల మీద ఏందో బరువు పెట్టినట్టుంది.’ బీపీ చూస్తారు, బాగానే ఉంటుంది. ఒక సెలైన్ సీసా ఎక్కిస్తారు, బలానికి ఇంజెక్షన్ వేస్తారు. రెండు రోజులు తేలిగ్గా ఉన్నట్టే ఉండి, మూడో రోజు మళ్ళీ మొదటికొస్తుంది. నడికుడి జంక్షనులో రైలెక్కితే ఇటు గుంటూరు, అటు సికింద్రాబాదు. రెండు వైపులా తిరిగి పరీక్షలన్నీ చేయించుకుంటారు. రిపోర్టుల సంచీ బరువెక్కుతుంది గానీ జబ్బేమిటో తేలదు.

ఇలా తిరిగే అందరికీ డిప్రెషనే అని నేను అనడం లేదు. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ తగ్గినా ఇలాంటి నీరసమే వస్తుంది. ఆ పరీక్షలు చేయించుకోవాల్సిందే. అవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలిన తర్వాత కూడా మనిషి కోలుకోవడం లేదంటే, ఒక ప్రశ్న మిగిలిపోయింది. ‘మనసెట్లా ఉంది?’ అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మామూలు బాధకూ ఈ జబ్బుకూ తేడా ఏమిటో ముందు చూద్దాం. పంట పోతే ఎవరికైనా బాధే. ఇంట్లో మనిషి పోతే ఏడుపే. కానీ అంత దుఃఖంలో ఉన్న మనిషి కూడా పదో రోజుకో పదిహేనో రోజుకో మనవడి అల్లరి చూసి ఒక్కసారి నవ్వుతాడు. చుట్టం వస్తే నాలుగు మాటలు మాట్లాడతాడు. బాధ వస్తూ పోతూ ఉంటుంది. డిప్రెషన్‌లో ఆ రాకపోకలు ఉండవు. వరసగా రెండు వారాలు, రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ మనసు దిగులుగా ఉంటుంది. లేదంటే, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పని ఏదీ చేయబుద్ధి కాదు. ఈ రెండూ ముఖ్య లక్షణాలు. వీటితోపాటు నిద్ర తగ్గడమో మరీ ఎక్కువవడమో, ఆకలి చెడడం, ఊరికే అలసిపోవడం, ‘నేను ఎందుకూ పనికిరాను’ అనే భావం, దేనిమీదా మనసు నిలవకపోవడం, మాట, నడక నెమ్మదించడమో లేక ఒకచోట కూర్చోలేకపోవడమో, చావు గురించిన ఆలోచనలు. మొత్తం తొమ్మిది లక్షణాలు. ముఖ్యమైన రెండింటిలో కనీసం ఒకటి ఉండి, అన్నీ కలిపి ఐదుకు తగ్గకుండా ఉండి, వాటివల్ల పనీపాటా దెబ్బతింటుంటే డాక్టర్లు దాన్ని డిప్రెషన్ అంటారు. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటుంది. అది తెలుగులోనూ ఉంది. నింపడానికి ఐదు నిమిషాలు చాలు. అందులో మార్కులు ఎక్కువొచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమైనట్టు కాదు గానీ, డాక్టరును కలవాల్సిన మనిషి ఎవరో తెలుస్తుంది.

మగవాళ్ళ విషయంలో ఒక మాట. మనవైపు మగవాళ్ళలో దిగులు చాలాసార్లు దిగులులా కనిపించదు. చీటికీమాటికీ కసురుకోవడం, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకపోవడం, తాగుడు పెరగడం, ఇలా బయటపడుతుంది. ‘ఈ మధ్య మా ఆయనకు కోపం ఎక్కువైంది’ అని చెప్పే ఇల్లాలు, తనకు తెలియకుండానే ఒక జబ్బు లక్షణం చెబుతూ ఉండవచ్చు.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో 30 కోట్లమందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు. గర్భిణుల్లో, బాలింతల్లో ప్రతి పదిమందిలో ఒకరికంటే ఎక్కువమందికి వస్తుంది. పురుటి మంచం మీద ఏడుస్తున్న పిల్లను ‘బాలింత ఏడవకూడదు, గాలి సోకుతుంది’ అని కసిరే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మన దేశంలో 2015–16లో బెంగళూరు నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడినవాళ్ళు పెద్దవాళ్ళలో ప్రతి 20 మందికి ఒకరు అని తేలింది. వైద్యం అవసరమై కూడా అందనివాళ్ళు నూటికి ఎనభైమందికి పైనే. జబ్బు ఉన్న ఐదుగురిలో నలుగురు దాన్ని మోసుకుంటూనే పొలానికి పోతున్నారు, వంట చేస్తున్నారు, బట్టీల్లో రాయి మోస్తున్నారు.

ఎందుకు రావడం లేదు వైద్యానికి? డాక్టర్లు తక్కువ, అది నిజమే. మరో కారణం మన దగ్గరే ఉంది. పల్నాడంటే పౌరుషం అంటారు. ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. పల్నాటి వీరుడు బాలచంద్రుడి కథ వింటూ పెరిగిన నేల ఇది. ఆ గర్వం ఉండాల్సిందే. కాకపోతే ఆ పౌరుషమే మగవాణ్ణి ‘నాకు బాగాలేదు’ అనకుండా ఆపుతోంది. ‘మాకు అప్పులు లేవా? మేం బతకట్లా?’ అని చుట్టుపక్కలవాళ్ళు అంటారేమోనని భయం. ఆడపిల్లయితే, బయటికి తెలిస్తే సంబంధాలు రావని భయం. ఇక ‘పిచ్చి డాక్టరు’ అనే మాట ఒకటి చాలు, గడప దాటిన కాలు వెనక్కి తీసుకోవడానికి.

ధైర్యం చేసి నోరు విప్పినవాళ్ళకు మనం ఏం చేస్తాం? సలహాలిస్తాం. ‘ధైర్యంగా ఉండు.’ ‘ఆలోచనలు పెట్టుకోబాక.’ ‘గుడికి పోయిరా.’ ‘నీకేం తక్కువయ్యా, బంగారం లాంటి పిల్లలు.’ ఇవన్నీ ప్రేమతో అనే మాటలే. అయితే ఆ మాట విన్న మనిషి లోపల ఏం జరుగుతుందో చూడండి. ధైర్యంగా ఉండాలని అతనికి తెలియక కాదు, ఉండలేకపోవడమే అతని జబ్బు. ‘బంగారం లాంటి పిల్లలు’ అనగానే ‘అలాంటి పిల్లలుండి కూడా నేనిట్లా ఉన్నానంటే నాలోనే ఏదో లోపముంది’ అనుకుంటాడు. మనం ఇచ్చిన ధైర్యం అతని లెక్కలో ఇంకో నేరంగా చేరుతుంది. తర్వాత మళ్ళీ మన దగ్గర నోరు విప్పడు.

మాటలతో చేసే వైద్యం దీనికి పూర్తిగా వేరు. కౌన్సెలింగ్ అనండి, థెరపీ అనండి, అందులో సలహాలు చాలా తక్కువ. ప్రశ్నలు ఎక్కువ. దానికి ఒక పద్ధతి ఉంటుంది, వారానికొకసారి కలిసే సమయం ఉంటుంది, చేసుకురావాల్సిన చిన్న పని ఉంటుంది, తగ్గుతోందా లేదా అని కొలిచే లెక్క ఉంటుంది. చెప్పుకున్న విషయం గది దాటదన్న హామీ ఉంటుంది. అదెలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. పల్నాడులో చాలామంది రైతుల అనుభవాలను కలిపి అల్లిన కథ.

ఆయన కౌలు రైతు. వయసు నలభై అయిదు దాటింది. మూడెకరాల్లో మిర్చి వేశాడు. మీకు గుర్తుండే ఉంటుంది, 2021–22 సీజన్లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో మిర్చిని ఊడ్చిపెట్టింది. పూతలో దూరి పూతనే తినేసింది. ఏ మందు కొట్టినా లొంగలేదు. కొట్టిన ప్రతి మందూ అప్పే. ఆయన చేనూ అట్లాగే పోయింది. ఆ తర్వాత ఆయన మంచం దిగడం తగ్గించాడు. టీ కొట్టు దగ్గరికి పోవడం మానేశాడు, అప్పులవాళ్ళు ఎదురవుతారని. పెళ్ళిళ్ళకు పోలేదు. భార్య గేదెలు చూసుకుంటూ, కూలికి పోతూ ఇల్లు నెట్టుకొస్తోంది. ఆశా కార్యకర్త చెబితే, భార్యే ఆయన్ను బలవంతంగా కౌన్సెలర్ దగ్గరికి వెంటబెట్టుకొచ్చింది.

మొదటి రోజు కౌన్సెలర్ ఆయనకు ఏమీ చెప్పలేదు. ‘నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం చేశారో చెప్పండి’ అని అడిగింది. ఆయనకు చిరాకేసింది. ‘చెయ్యడానికేముందమ్మా, పడుకునే ఉన్నా’ అన్నాడు. ‘సరే, పడుకుని ఉన్నప్పుడు మనసు ఎట్లా ఉంది? పదికి ఎంత వేస్తారు?’ ‘ఒకటి.’ ‘లేచి చేసిన పని ఏదైనా?’ ‘సాయంత్రం గేదెను కాలవ కాడికి తోలుకుపోయినా. ఆడమనిషికి ఒంట్లో బాగాలేక.’ ‘అప్పుడు ఎంత?’ కాసేపు ఆలోచించి ‘మూడు’ అన్నాడు. ‘వారం రోజులు ఇట్లా రాసుకురండి’ అని, పాత క్యాలెండరు కాగితం వెనకవైపు గళ్ళు గీసిచ్చింది.

వారం తర్వాత ఆ కాగితం చూస్తే పెద్ద విశేషాలేం లేవు. ఎక్కువ గళ్ళలో ‘మంచం, 1’ అని ఉంది. ఒక రోజు ‘పాపను బడికాడ దించినా, 4’. ఇంకో రోజు ‘గేదె, 3’. ‘మా బామ్మర్ది వచ్చిండు, 4’. ఎప్పుడూ ఒకేలా ఉందనుకున్న మనసు ఒకేలా లేదని ఆయన చేతిరాతలోనే తేలింది. దాంతోపాటు, ఏ పనులు చేసిన రోజున మనసు కాస్త లేచిందో కూడా తెలిసింది. అప్పుడు ఇద్దరూ కలిసి పక్క వారానికి ప్రణాళిక వేశారు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు పాపను బడిలో దించాలి. మనసు ఒప్పినా ఒప్పకపోయినా దించాలి. మంగళ, శుక్రవారాల్లో గేదెను తోలుకుపోవాలి. అంతే, ఇంకేం వద్దు.

దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. ‘మనసు బాగుపడితే పనిచేస్తా’ అంటాడు రోగి. ఈ పద్ధతి దాన్ని తిరగేస్తుంది, ముందు చిన్న పని, తర్వాత మనసు. ఫుట్‌వాల్వు కారిపోయిన మోటారుకు ముందు నాలుగు చెంబుల నీళ్ళు పోస్తే గానీ అది నీళ్ళెత్తదు. ఆ చెంబెడు నీళ్ళ పని చేస్తుంది ఈ ప్రణాళిక.

మూడో నాలుగో వారానికి ఆయన కాస్త మాట్లాడుతున్నాడు. లోపల తిరుగుతున్న అసలు మాట అప్పుడు బయటికొచ్చింది. ‘నా వల్లే ఇల్లు మునిగిందమ్మా. నేను చేతగానోణ్ణి.’ ఇక్కడ మనమైతే ‘ఛ ఛ, అట్టా అనుకోబాక’ అనేసేవాళ్ళం. ఆమె ఇలా అడిగింది.

‘మీ పక్క చేను ఎవరిది?’

‘మా బాబాయిది.’

‘ఆ ఏడు ఆయన మిర్చి ఎట్లా ఉంది?’

‘ఆయనదీ పోయింది. ఆ గట్టు మీదున్న చేలన్నీ పోయినయి.’

‘మరి మీ బాబాయి చేతగానివాడా?’

‘ఎట్టా అంటామమ్మా? ముప్పై ఏళ్ళ నుంచి మిర్చి పండిస్తున్నాడు. పురుగట్టా వస్తే ఆయనేం చేస్తాడు?’

ఆమె అక్కడ ఆగింది. ‘మరి మీరు?’ అని ఒక్క మాట అడిగి ఊరుకుంది. ఆ జవాబు ఆయన చెప్పాల్సిందే. ఆమె చెబితే అది ఇంకో సలహా అవుతుంది. ఆయన చెప్పుకుంటే అది ఆయన తెలుసుకున్న నిజం.

ఇలాంటి ప్రశ్నలతో వైద్యం చేసే పద్ధతిని కాగ్నిటివ్ థెరపీ అంటారు. 1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు దీన్ని మొదలుపెట్టాడు. డిప్రెషన్ రోగుల మాటలు శ్రద్ధగా వింటూ పోతే ఆయనకు ఒక సంగతి తట్టింది. వాళ్ళ మనసులో కొన్ని ఆలోచనలు ఆగకుండా, పిలవకుండా వస్తుంటాయి. తమ గురించి చెడ్డగా, లోకం గురించి చెడ్డగా, రేపటి గురించి చెడ్డగా. వాళ్ళు వాటిని ఆలోచనలని అనుకోరు, నిజాలని అనుకుంటారు. ఆ ఆలోచనను ఒక్కొక్కటిగా ఎదురుగా పెట్టి, రుజువేదీ అని అడగడం నేర్పిస్తే దిగులు తగ్గుతుందని బెక్ చూపించాడు. ఆయన 1921లో పుట్టి 2021లో, నిండు నూరేళ్ళకు పోయారు. ఆయన పద్ధతి ఇవాళ ప్రపంచమంతా ఉంది.

మన రైతు కథలో ఇంకా రెండు పనులున్నాయి. మొత్తం అప్పెంతో భార్యకు ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆమె భయపడుతుందని. నిజానికి ఆమెకు ఆ లెక్క తెలియకపోవడమే ఎక్కువ భయంగా ఉంది. ఒక రోజు ఆమెను కూడా కూర్చోబెట్టి మాట్లాడించారు. మనుషుల మధ్య చిక్కుబడ్డ ముడులను విప్పే వైద్యం ఒకటి ఉంది, ఇంటర్‌పర్సనల్ థెరపీ అని. ఆప్తులను పోగొట్టుకున్న దుఃఖం, ఇంట్లో తగాదాలు, జీవితంలో వచ్చిన పెద్ద మార్పు, ఒంటరితనం, ఈ నాలుగింటి మీద అది పనిచేస్తుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలిపోయిన ముసలివాళ్ళకూ, కొత్తగా అత్తగారింటికొచ్చిన పిల్లకూ పనికొచ్చే పద్ధతి ఇది.

చివరిది సమస్యను విడదీయడం. ‘అప్పు’ అన్నంతసేపూ అది కొండలా ఉంది. కాగితం మీద రాస్తే అది నాలుగు అప్పులు. బ్యాంకుది ఒకటి, పురుగుమందుల కొట్టుది ఒకటి, వడ్డీకి తెచ్చింది ఒకటి, బావమరిది చేబదులు ఒకటి. నాలుగింటికీ నాలుగు దారులు. ఈ వారం వెళ్ళి మాట్లాడాల్సింది ఒక్కరితోనే. కౌలు రైతుగా పంట సాగుదారు హక్కు పత్రం తీసుకున్నాడా లేదా అని కనుక్కోవడం కూడా అందులో ఒక పని. కౌన్సెలర్ అప్పు తీర్చదు. మిర్చికి ధర తేలేదు. ఇది దాచకుండా చెప్పుకోవాలి. ధర పడిపోవడం, కౌలు రైతుకు అప్పు పుట్టకపోవడం ప్రభుత్వాలు తేల్చాల్సిన సంగతులు. వాటికి మనసు వైద్యం బదులు కాదు. కానీ వడ్డీవాడి గుమ్మం ముందు నిలబడి గడువు అడగడానికి కూడా లేచి నిలబడగలిగిన మనిషి కావాలి. ఆ మనిషిని తిరిగి నిలబెట్టడం వైద్యం చేసే పని.

ఇంతకీ ఇదంతా పెద్ద పెద్ద నగరాల్లో, పెద్ద చదువుల డాక్టర్ల దగ్గర మాత్రమే దొరుకుతుందా? ఇక్కడే మనకు ఆశ కలిగించే సంగతులున్నాయి.

గోవాలో సంగత్ అనే సంస్థ ఉంది. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, ఆయన సహచరులు అక్కడ ఒక ప్రయోగం చేశారు. మానసిక వైద్యంలో ఎలాంటి డిగ్రీ లేని స్థానికులను ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. వాళ్ళు చేసింది మనం ఇప్పుడు చెప్పుకున్న పనే, చిన్న పనుల ప్రణాళిక. ఒక్కొక్కరికీ ఆరు నుంచి ఎనిమిదిసార్లు, ఒక్కోసారి అరగంటో నలభై నిమిషాలో. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న దాదాపు 500 మంది ఇందులో ఉన్నారు. మూడు నెలల తర్వాత చూస్తే, ఈ మాటల వైద్యం కూడా అందినవాళ్ళలో నూటికి 64 మందికి జబ్బు నెమ్మదించింది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో అది 39 మంది. 2017లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఆఫ్రికాలోని జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో ఇంకో దారి పట్టాడు. ఆ దేశంలో మానసిక వైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. దాంతో ఆయన స్థానికంగా ఉండే అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బల్ల. దాని పేరు స్నేహపు బల్ల. దాని మీద అవ్వ, పక్కన దిగులుతో వచ్చిన మనిషి. సమస్యను విడదీసి, ఒక్కొక్కటే పట్టుకునే పద్ధతి. 2016లో వచ్చిన అధ్యయనంలో అది కూడా బాగా పనిచేసిందని తేలింది.

మన తెలుగునేల మీద కూడా జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చింది. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు అడిగి, దిగులుతో ఉన్నవాళ్ళను గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపి, తర్వాత వెళ్తున్నారో లేదో కనుక్కున్నారు. ఊళ్ళో ఈ జబ్బు మీదున్న చిన్నచూపు పోవడానికి వీధి నాటకాలు వేయించారు. తర్వాత హర్యానాలో కూడా కలిపి పెద్దఎత్తున చేశారు. ఏడాది తర్వాత, ఈ ఏర్పాటున్న పల్లెల్లో దిగులు లక్షణాలు మిగతా పల్లెల కంటే తగ్గాయి. ఆ ఆశా కార్యకర్త మన నడికుడిలో కూడా ఉంది. గర్భిణుల లిస్టు, టీకాల లిస్టు చేతబట్టుకుని రోజూ మన వీధిలోనే తిరుగుతోంది. ఆమెకు శిక్షణ, ఆమె వెనక ఒక డాక్టరు, చేసిన పనికి తగ్గ పైకం, ఈ మూడూ ఉంటే ఈ వైద్యం పల్నాడులో ప్రతి ఊరికీ చేరుతుంది.

ఇందాక చెప్పుకున్న పల్నాటి వీరుల కథలో యుద్ధమొక్కటే లేదు. అన్ని కులాలవాళ్ళనూ బ్రహ్మనాయుడు ఒకే చాప మీద కూర్చోబెట్టిన చాపకూడు కూడా ఉంది. ఒకరి ముందు ఒకరు చిన్నబుచ్చుకోకుండా కూర్చోవడం ఈ నేలకు కొత్త కాదు. మనసు మాట చెప్పుకోవడానికి కూడా అలాగే కూర్చోవాలి.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. మాటల వైద్యం ఒకటే అందరికీ చాలదు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు, అంటే మనిషి తిండి మానేసినా, మంచం దిగలేకపోయినా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడినా, చావు ఆలోచనలు వస్తున్నా మందులు కావాలి. ఈ మందులు వేసుకోగానే పనిచేయవు. కనీసం రెండు మూడు వారాలైనా పడుతుంది. ‘వారం వాడినా గుణం లేదు’ అని పారేయకండి. ఇవి నిద్రమాత్రల్లా అలవాటుపడే రకం కూడా కాదు. తగ్గిన తర్వాత మరో ఆరు నెలలైనా వాడమంటారు. ఎప్పుడు ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలి. ఇంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకుండా విపరీతమైన ఉత్సాహంతో, మితిమీరిన ఖర్చుతో తిరిగిన రోజులుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి, మందు మారుతుంది. చాలామందికి మందూ మాటా రెండూ కలిపితే బాగా పనిచేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. మీ ఇంట్లో ఎవరైనా ‘నేను లేకపోతేనే మీకు మంచిది’ అన్నారనుకోండి, ఉన్నట్టుండి తన వస్తువులు పంచిపెడుతున్నారనుకోండి, తేలిగ్గా తీసుకోవద్దు. సూటిగా అడగండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తుందా?’ అని అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. అది నిజం కాదు. అడిగినవాళ్ళ ముందు మనిషి బరువు దించుకుంటాడు. ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందులుంటే ఆ రోజే తీసి వేరే ఇంట్లో పెట్టి తాళం వేయించండి. అసలు మామూలు రోజుల్లో కూడా పురుగుమందు డబ్బాలు పడుకునే గదిలో, మంచం కింద పెట్టే అలవాటు మన రైతు ఇళ్ళలో పోవాలి. ఆ క్షణం దాటితే చాలామంది బతుకుతారు, బతికి బాగుపడతారు. చట్టం గురించి కూడా భయపడొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, చికిత్స అందించాలి. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా ఆగొద్దు.

ఎవరిని అడగాలి? మొదటిది ఫోను. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం రోజున మొదలుపెట్టిన సేవ ఉంది. నంబరు 14416. మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. డబ్బులేం పడవు. పగలైనా రాత్రైనా ఎత్తుతారు. తెలుగులోనే మాట్లాడవచ్చు. జబ్బు ఉన్న మనిషే చెయ్యాలని లేదు, ‘మా నాన్న ఇట్లా ఉన్నాడు, ఏం చెయ్యమంటారు?’ అని కొడుకైనా కూతురైనా అడగవచ్చు. అవసరాన్ని బట్టి దగ్గరలో ఏ ఆసుపత్రికి వెళ్ళాలో వాళ్ళే చెబుతారు. రెండోది మన ఊరి ఆశా కార్యకర్త, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు. మూడోది గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగం. నడికుడిలో రైలెక్కితే గుంటూరు దూరమేం కాదు.

ఇక ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యగలరు? కౌన్సెలర్లు కానక్కర్లేదు. మూడు పనులు చాలు. సలహా ఇవ్వాలనిపించినప్పుడు బదులుగా ఒక ప్రశ్న అడగండి. ‘ఈ రోజు ఎట్లా గడిచింది?’ అన్నా చాలు. చెబుతుంటే మధ్యలో అడ్డుపడకుండా వినండి. రోజూ ఒక చిన్న పనికి పక్కనుండి తోడు వెళ్ళండి, కాలవ దాకా నడకకో, టీ కొట్టు దాకానో. ఆ పూట రాననంటే పోట్లాడొద్దు, రేపు మళ్ళీ పిలవండి. నెల రోజుల్లో మనిషి మారిపోవాలని చూడొద్దు. ఈ జబ్బు తగ్గేటప్పుడు ముందు నిద్ర మెరుగవ్వచ్చు, ఆ తర్వాత ఆకలి, చాలా రోజులకు గానీ నవ్వు రాకపోవచ్చు. మధ్యలో ఒకటి రెండు వారాలు మళ్ళీ వెనక్కి పోవచ్చు. అంతమాత్రాన వైద్యం పనిచేయలేదని కాదు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో ఎవరికైనా ‘ఇదంతా నా సంగతే చెబుతున్నట్టుందే’ అనిపించి ఉంటే, మీకు ఒక్క మాట. మీకు వచ్చింది పేరున్న జబ్బు, వైద్యం ఉన్న జబ్బు. రేపు పొద్దున మీరు మొత్తం జీవితాన్ని సరిదిద్దుకోనక్కర్లేదు. మీరు నమ్మే ఒక్కరితో ‘రెండు వారాలుగా నాకు బాగుండట్లేదు’ అనండి, లేదా 14416కు ఫోన్ చెయ్యండి. ఈ రెండింటిలో ఏదో ఒకటి, రేపు చీకటి పడేలోపు చెయ్యండి. మిగతా దారి పక్కన ఒకరు ఉండగా నడవవచ్చు.